రెండో చిల్లు

ఆ వేసవిలో నేను తిట్టనివాళ్ళు లేరు. వదినను తిట్టాను, కంటి డాక్టరును తిట్టాను, అటవీశాఖ గుమాస్తాను తిట్టాను, మనుషులెవరూ దొరకనప్పుడు మా గేటు గడియను తిట్టాను. నేను బడి బస్సు నడుపుతాను. ఏడాదిలో పది నెలలు అరవై మంది పిల్లల గోల మీద గొంతు వేసి వేసి, మామూలుగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. మా అన్నయ్య నాకు ‘హారన్’ అని పేరు పెట్టాడు. ఇంట్లో ఆ పేరే ఖాయమైంది. ఈ కథ కూడా ఆ గొంతుతోనే చెబుతున్నాను, చెవులు జాగ్రత్త.

అన్నయ్య లేత్ మేస్త్రి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన మిషను ముప్పై ఏళ్ళు తిరిగింది. ఇనుప కడ్డీని బిగించి గిరగిరా తిప్పుతూ చెక్కి, షాఫ్టులూ వాటికి తొడిగే గుండ్రటి బుష్‌లూ తీసే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకు తుక్కులోకి పోవాల్సిందే. ఆయన సరుకు తుక్కులోకి పోగా నేను చూడలేదు. అలాంటి మనిషికి నీటికాసుల జబ్బు వచ్చింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. పక్కల నుంచి చూపు తగ్గుకుంటూ వచ్చి, రెండేళ్ళలో పూర్తిగా పోయింది.

చూపు పోతే పోయింది, ఆయన మీద పెత్తనం మాత్రం అందరికీ వచ్చేసింది! వదిన మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్తూ అగ్గిపెట్టె దాచేది, కత్తి దాచేది, టీ కాచి ఫ్లాస్కులో పోసి, మూత కూడా సగం తిప్పి పెట్టి వెళ్ళేది. చుట్టాలొస్తే ఆయన ఎదురుగానే కూర్చుని, “పాపం, అన్నం సరిగ్గా తింటున్నాడా?” అని వదినను అడిగేవాళ్ళు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. “పోయింది కళ్ళండీ, చెవులు కాదు!” అని పై వాటా మెట్ల మీద నుంచే అరిచేదాన్ని. చుట్టాలు టీ తాగకుండా లేచిపోయేవాళ్ళు. వదిన నాతో రెండు రోజులు మాట్లాడేది కాదు.

బడికి సెలవులిచ్చిన మొదటి వారం, ఒక మధ్యాహ్నం, కింద షెడ్డులో మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆరు నెలల తర్వాత ఆ చప్పుడు. మంచం మీద లేచి కూర్చుని విన్నాను. ప్రాణం లేచొచ్చింది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పరుగెత్తుకుంటూ దిగేసరికి వదిన మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

“చూడు, మీ అన్నయ్య చొక్కా చెయ్యి చూడు,” అంది నాతో.

కుడి చేతి మణికట్టు దగ్గర గుడ్డ చీలికలైపోయి వేలాడుతోంది. మిషను పట్టేసుకుందన్నమాట.

“గుండీ తెగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి చెయ్యి లోపలుండేది.”

“కళ్ళున్న రోజుల్లో వేలు చితగ్గొట్టుకోలేదా? అప్పుడు మిషను ఆపించావా?” అన్నాను.

“నువ్వుండు హారన్,” అన్నాడు అన్నయ్య. చేతిలో వెచ్చగా ఉన్న బుష్‌ను నా వైపు చాచాడు. “అది కొలిచి చూడు.”

గోడకున్న కొలత పరికరం తీసి కొలిచాను. లోపలా బయటా ఎక్కడా తేడా లేదు. చేతి వేళ్ళతో తీశాడు దాన్ని, వేళ్ళతో! వదిన ముఖం ముందు పెట్టి ఊపాను.

“నాకు బుష్ వద్దు,” అంది వదిన. “రెండు చేతులున్న మనిషి కావాలి. అంతే నాకు కావాల్సింది.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మిషను అమ్మేద్దామని వదిన అంది. పంపుల రిపేరు షెడ్డు యజమాని ఎప్పటి నుంచో అడుగుతున్నాడట. నేను నోరు తెరిచేలోగా అన్నయ్య అన్నాడు, “ముందు మడుక్కెళ్ళి వస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం.”

మడుగంటే అడవి లోపల చిన్న సరస్సు. ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున వినిపించేంత చిన్నది. నాకు పన్నెండేళ్ళప్పటి నుంచి ప్రతి వేసవిలోనూ అన్నయ్యా నేనూ అక్కడికి వెళ్తాం. కరెంటు లేదు, కుళాయి లేదు, గది లేదు. గుడ్డ డేరా వేసుకోవాలి, పుల్లలేరుకుని వండుకోవాలి, గాలం వేసుకుని చేప పడితే తినాలి, పడకపోతే ఉత్త అన్నం తినాలి. దానికన్నా సుఖమైన చోటు నేను చూడలేదు.

వదిన కంచంలో చెయ్యి కడిగేసుకుంది. తర్వాత మెల్లిగా చెప్పింది. “సరే, వెళ్ళండి. మూడు రాత్రులుండండి. డేరా మీరే వేసుకోవాలి. నిప్పు మీరే పెట్టుకోవాలి. వంట మీరే. ఒక్క చేపన్నా మీ చేత్తో పట్టాలి. ఎవరి చెయ్యీ తగలకూడదు. అవన్నీ చేసి, ఒంటి మీద గాయం లేకుండా వస్తే నేనిక మిషను జోలికి రాను. చెయ్యలేకపోతే మీరిక దాని జోలికి పోకూడదు.”

“ఇదేమన్నా పరీక్షా?” అని నేను లేచాను. “మేస్త్రికి పరీక్ష పెడతావా నువ్వు?”

“పెడతాను. నువ్వు సాక్షివి. నీ నోరు పెద్దదే కానీ అబద్ధమాడదు.”

అన్నయ్య నవ్వాడు. నెలల తర్వాత నవ్వాడు. “పందెం బాగుంది. ఒప్పుకుంటున్నాను,” అన్నాడు. ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నేను ఇరుక్కున్నాను.

బడివాళ్ళనడిగి పాత వ్యాను తీసుకున్నాను. అడవి మొదట్లో చెక్‌పోస్టు ఉంది. లోపలికెళ్ళడానికి అక్కడ అనుమతి చీటీ రాయించుకోవాలి. గుమాస్తా అన్నయ్య చేతికర్రను చూశాడు. అక్కడ మొదలైంది.

“ఈయన పేరేంటమ్మా?”

“ఆయన్నే అడగండి.”

“ఈయనకి వినిపిస్తుందా?”

“వినిపిస్తుంది బాబూ,” అన్నాడు అన్నయ్య. “కాస్త తక్కువగానే వినిపిస్తే బాగుండేది. మా చెల్లెలు పక్కనే ఉంటుంది కదా.”

గుమాస్తా నవ్వలేదు. నా వైపే చూస్తూ రాసుకున్నాడు. ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, మందులేమన్నా వాడతాడా, అన్నీ నన్నే అడిగాడు. చివరికి చీటీ చించి చేతికిచ్చాడు. చదివితే ఏముంది? ‘పెద్దలు: ఒకరు. పిల్లలు: ఒకరు.’

ఒళ్ళు మండిపోయింది నాకు. “ఎవరయ్యా పిల్లాడు? యాభై ఎనిమిదేళ్ళ మనిషి కనిపిస్తున్నాడా నీకు? నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా, ఏం చూస్తున్నాయవి?”

“అట్లా కాదమ్మా, బాధ్యులు వెంట ఉండాల్సిన వాళ్ళంతా ఆ గడిలోనే వస్తారు. వేరే గడి లేదు.”

“గడి లేకపోతే మనిషి లేనట్టేనా?”

నా అరుపుకు లోపలి నుంచి ఇంకొకాయన వచ్చి, చీటీ కొట్టేసి, పెద్దలు ఇద్దరని కొత్తది రాశాడు. వ్యానులో కూర్చున్నాక అన్నయ్య అన్నాడు, “పోనీలేవే. పిల్లాణ్ణనే ఉండనిస్తే అర టికెట్టుతో పోయేవాణ్ణి.” నాకు నవ్వు రాలేదు. గేరు మార్చిన తీరుకు వ్యాను మూలిగింది.

వ్యాను ఆగిన చోటు నుంచి మడుగు దాకా ముప్పావుగంట నడక. నేను ముందు నడిచాను. నా సంచికి కట్టిన గిన్నె చప్పుడును బట్టి ఆయన వెనక నడిచాడు. రెండుసార్లు వేర్లకు తట్టుకున్నాడు. రెండుసార్లూ నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. రెండుసార్లూ దాన్ని వెనక్కి లాక్కున్నాను. మూడో మలుపు దగ్గర ఆయనే ఆగి, “నీళ్ళ వాసనొస్తోంది,” అన్నాడు. నాకింకా మడుగు కనిపించలేదు.

ఎండలకు నీళ్ళు బాగా లోపలికెళ్ళాయి. గట్టంతా పగుళ్ళేసిన బురద. నేను ఒక రాయి మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. నమ్మండి, నా బతుకులో చేసిన కష్టమైన పని అదే.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడిమాడు. రాళ్ళేరి పారేశాడు. అరచేతులతో పల్లం చూసుకుని, డేరా ఎటు తిరగాలో తేల్చుకున్నాడు. మేకులు కొట్టేటప్పుడు ఒకసారి బొటనవేలి మీద కొట్టుకుని నాలుగు మాటలన్నాడు. అవి ఇక్కడ రాయను. డేరా నిలబడింది. తర్వాత సంచిలోంచి తాడు చుట్ట తీశాడు. డేరా గుంజకు ఒక కొస కట్టి, పాకుతూ నీళ్ళ దాకా వెళ్ళి, అక్కడొక కర్రకు రెండో కొస కట్టాడు. దానికి ఒక ముడి వేశాడు. పొయ్యి దగ్గరికి ఇంకో తాడు, రెండు ముళ్ళు. పొదల చాటుకు మూడో తాడు, మూడు ముళ్ళు. చీకటి పడేలోగా ఆ చోటంతా ఆయన చేతికింద ఉంది.

“ఇప్పుడు చెప్పు, మనిద్దరిలో ఎవరు తడుముకోకుండా తిరుగుతారు?” అన్నాడు. నేను అప్పుడే తాడు తట్టుకుని బోర్లా పడ్డాను.

నిప్పు ఆయనే పెట్టాడు. మంట ఎంత ఎత్తుందో అరచెయ్యి పైన పెట్టి చూసుకున్నాడు. గిన్నెలో అన్నం ఉడికే చప్పుడు మారగానే దించాడు. అడుగు కొంచెం మాడింది. కళ్ళున్నప్పుడు ఇంకా ఎక్కువ మాడ్చేవాడు. ప్రతి ముద్దకూ వదిన గుర్తొచ్చి నాకు కోపం పెరిగింది. ఈ మనిషి దగ్గరా అగ్గిపెట్టె దాచింది!

కానీ చేప పడలేదు.

గాలం వేయడంలో కూడా ఆయనకో కొత్త పద్ధతి పట్టుబడింది. నీటి మీద తేలే బెండును చూసే పని లేకుండా, దారాన్ని చూపుడువేలి మీద వేసుకుని కూర్చున్నాడు. కింద ఎర దగ్గరికి ఏదొచ్చి ముక్కు పెట్టినా వేలికి తెలుస్తుందట. మొదటి సాయంత్రం ఏదీ రాలేదు. రెండో రోజు పొద్దున్న రాలేదు. ఎండకు చేపలన్నీ లోతుకు పోయి ఉంటాయి. రెండో రోజు సాయంత్రం ఒకటి ఎరను కొరుక్కుపోయింది. మూడో రోజంతా కూర్చున్నాడు. మెడ మీద చర్మం ఎర్రగా కాలిపోయింది. టోపీ పెట్టుకోమంటే పెట్టుకున్నాడు, లేవమంటే లేవలేదు.

“మడుగుకూ మీ వదిన చెప్పి పంపినట్టుందే,” అన్నాడు ఆ సాయంత్రం. నవ్వుతూనే అన్నాడు కానీ అన్నం సగంలో వదిలేశాడు.

నేను పడుకున్నానన్న మాటే గానీ నిద్ర లేదు. డేరా వేశాడు, నిప్పు పెట్టాడు, వండాడు, నడిచాడు. ఇన్ని చేసిన మనిషి మిషను, ఎక్కడో బురదలో దాక్కున్న వేలెడు చేప కోసం పోవాలా? ఇదేం న్యాయం? ఆ పందెం పెట్టిన వదినను, ఒప్పుకున్న అన్నయ్యను, ఎర ముట్టని చేపలను, అందరినీ తిట్టుకున్నాను. తిట్టుకుంటూ ఉండగానే ఒక నిర్ణయానికొచ్చాను. నాకది అప్పుడు తప్పుగా అనిపించలేదు. పైగా న్యాయమే అనిపించింది.

ఆఖరి రోజు. తెల్లవారగానే నేను అవతలి గట్టుకెళ్ళి నా గాలం వేశాను. చూడండి విచిత్రం, పావుగంటలో పడింది! అరచేతి పొడుగున్న చేప, తోక ఝాడిస్తూ వచ్చింది. మూడు రోజులు తపస్సు చేసినాయనకు రానిది, నాకు ఊరికే వచ్చింది. దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని ఇవతలికొచ్చాను. అన్నయ్య గాలం కర్రను పంగల పుల్ల మీద ఆనించి, మూడు ముళ్ళ తాడు పట్టుకుని పొదల వైపు వెళ్ళాడు. దారం నీళ్ళలోనే ఉంది.

నేను చెప్పులు విడిచి నడిచాను. దారం లాగాను. ఆయన గాలపు ముల్లుకున్న ఎర తీసి పారేశాను. చేప పెదవిలోకి ముల్లు గుచ్చాను. నీళ్ళలోకి మెల్లిగా వదిలాను. చేతులు బురదకు తుడుచుకుని, పొయ్యి దగ్గరికెళ్ళి పుల్లలు విరుస్తూ కూర్చున్నాను.

ఆయన వచ్చి కర్ర అందుకున్నాడు. దారం వేలి మీద వేసుకున్నాడు. ఒక్కసారిగా వెన్ను నిటారైంది.

“హారన్! ఉందే! ఉందే!”

“లాగు అన్నయ్యా, లాగు!” అని అరిచాను. ఆ అరుపు నిజమైనదే. ఆయన ముఖం చూస్తే ఎవరైనా అరుస్తారు. లాగాడు. గట్టు మీద ఎగిరెగిరి పడుతున్న చేపను రెండు చేతులతో ఒడిసి పట్టాడు. “పడిందే! మీ వదినకు ఇప్పుడు చెబుతాను,” అంటూ నవ్వుతూ, ముల్లు తీయడానికి వేలు పెట్టాడు.

నవ్వు ఆగిపోయింది.

బొటనవేలు చేప పెదవి మీద ఒకసారి అటు నడిచింది, ఒకసారి ఇటు నడిచింది. బుష్ అంచు చూసేటప్పుడు నడిచినట్టే నడిచింది. ఆయన ముల్లు తీశాడు. మళ్ళీ తడిమాడు.

“ఎర మింగిన చేపకు ముల్లు లోపలి నుంచి బయటికొస్తుంది,” అన్నాడు. “దీనికి బయటి నుంచి లోపలికెళ్ళింది.”

నేను గోళ్ళలో బురద గిల్లుకున్నాను.

“రెండో చిల్లు కూడా ఉంది. అది సరిగ్గా పడ్డ చిల్లు. అది నీ గాలానిది.”

“అన్నయ్యా...”

“ఎప్పుడు గుచ్చావు? నేను పొదల్లోకెళ్ళినప్పుడా?”

“మంచికే చేశాను,” అన్నాను. దొంగతనం దొరికినా నా గొంతు తగ్గలేదు చూడండి. “ఇన్ని చేశావు నువ్వు! ఒక్క చేప కోసం ఇదంతా పోగొట్టుకుంటావా? న్యాయం నీ వైపుంది, చేప నీ వైపు లేకపోతే నేనేం చేసేది?”

“మీ వదిన కూడా మంచికే చేస్తోంది.”

“నన్నూ ఆవిడనూ ఒక గాటన కట్టకు!”

“చేప పడకపోతే పడలేదంటారే. కళ్ళున్నవాళ్ళకు పడకుండా ఉండట్లేదా? ఓడిపోయానని నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి. నువ్వేం చేశావో తెలుసా? ఈ మూడు రోజుల్లో ఏది నేను చేశానో, ఏది నువ్వు చేసిపెట్టావో నాకు తెలీకుండా చేశావు. ఆ డేరా మేకులు నేను కొట్టినవేనా? మళ్ళీ నువ్వు కొట్టావా?”

“ఒట్టు, ఇంకేదీ ముట్టుకోలేదు.”

“ఏమో మరి,” అన్నాడు. ఆ ‘ఏమో’ నా చెంప మీద కొట్టినట్టు తగిలింది.

తాడు పట్టుకుని నీళ్ళలోకి నాలుగడుగులు దిగి, చేపను వదిలేశాడు. అది కాసేపు పక్కకు ఒరిగి తేలి, తర్వాత లోపలికి పోయింది. ఆయన తాళ్ళు విప్పాడు, డేరా మడిచాడు. నన్ను ఏ పనీ అడగలేదు. వెనక్కి నడిచేటప్పుడు నా గిన్నె చప్పుడు కోసం కూడా ఆగలేదు. కర్రతో తట్టుకుంటూ తనే ముందు నడిచాడు. వ్యానులో రెండు గంటలూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. గురివింద గింజకు తన కింద నలుపు తెలీదంటారు. నాకు తెలుస్తూనే ఉంది, అయినా లోపల కోపమే ఉడుకుతోంది. ఎవరి మీదో తేలక స్టీరింగును పిసికాను.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల సిమెంటు నేల మీద నాలుగు బోల్టు గుంతలు, మధ్యలో ముప్పై ఏళ్ళ నూనె మరక. మిషను లేదు.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. షాపుకు వెళ్ళలేదు.

“అమ్మేశావా?” అన్నాను. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా వచ్చింది. తర్వాత పెద్దదైంది. “అమ్మేశావా? పందెం పెట్టి, మమ్మల్ని అడవికి పంపి, వెనక నుంచి మిషను ఎత్తించేశావా? ఏం మనిషివి వదినా నువ్వు? నమ్మి వెళ్ళిన మనిషి గొంతు కోస్తావా? పరీక్ష పెట్టినదానివి మార్కులొచ్చేదాకా ఆగలేకపోయావా?”

“ఆగలేకపోయాను,” అంది వదిన. ఆవిడ నన్ను చూడటం లేదు. అన్నయ్యనే చూస్తోంది. “మీరు వెళ్ళిన మర్నాడు కూర్చుని ఆలోచించాను. మీరు అన్నీ చేస్తారు. డేరా వేస్తారు, వండుతారు, చేపనూ పట్టుకొస్తారు. నాకు అనుమానం లేదు. మీరు పట్టుకొస్తే నేను మాటకు కట్టుబడాలి. రోజూ షాపులో కూర్చుని, ఏ ఫోను మోగినా చెయ్యి పోయిందనో, ప్రాణం పోయిందనో అనుకుంటూ బతకాలి. నా వల్ల కాదు. అందుకే పంపుల షెడ్డు ఆయనకు కబురు చేశాను. నిన్న చైను కప్పీతో లేపుకుపోయారు.”

లోకం మీద నోరు పారేసుకున్నది నేను. చుట్టాలను తరిమింది నేను, గుమాస్తాతో కొట్లాడింది నేను. అన్నయ్యకు చేప పడుతుందని నమ్మింది మాత్రం వదిన. నేను నమ్మలేదు.

అన్నయ్య షెడ్డులోకి నడిచాడు. కర్రతో నేలను తట్టి, ఒక్కో బోల్టు గుంతనూ వెతుక్కున్నాడు. నాలుగూ దొరికాక అక్కడే నిలబడ్డాడు.

“హారన్, చేప సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

నేనే చెప్పాను. గాలం, తడిగుడ్డ, ముల్లు, రెండు చిల్లులు, అన్నీ చెప్పాను. వదిన చెంగు నోటికడ్డం పెట్టుకుంది. “వేలితో కనిపెట్టారా?” అంది.

“మీ ఇద్దరూ నన్ను అడగలేదు,” అన్నాడు అన్నయ్య. అరవలేదు. అరిచి ఉంటే నాకు అలవాటే కాబట్టి తట్టుకునేదాన్ని. “ఒకరు గెలుస్తానని భయపడ్డారు, ఒకరు ఓడిపోతానని భయపడ్డారు. మధ్యలో నేనొకణ్ణి ఉన్నాను కదే! ఒక్క మాట అడిగితే ఏం పోయేది?”

ఆ రాత్రి మా ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల తిన్నాం.

మర్నాడు పొద్దున్నే వదిన పై వాటాకొచ్చి నన్ను లేపింది. “ఆయన లేరు,” అంది. స్నానాల గదిలో లేడు, వీధి అరుగు మీద లేడు. చేతికర్ర కూడా లేదు. ఇద్దరం ఉన్నపళాన వీధిలో పడ్డాం. నేను ఎడం వైపూ ఆవిడ కుడి వైపూ చూస్తూ పరుగెత్తాం. పాలవాణ్ణి అడిగాం, ఊడ్చే ఆవిడనడిగాం. “మేస్త్రిగారా? ఇందాకే పోయారు, పంపుల షెడ్డుకు దారి అడిగి,” అందావిడ.

రెండు వీధులవతల ఆ షెడ్డు. వెళ్ళేసరికి మా మిషను మధ్యలో ఉంది. చుట్టూ నలుగురు పనివాళ్ళు, నూనె చేతుల యజమాని. ఏదో తంటా వచ్చినట్టుంది. చెక్కిన కడ్డీలు నాలుగైదు పక్కన పడేసి ఉన్నాయి, ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. అన్నయ్య నేల మీద బోర్లా పడుకుని, మిషను కాలు కింద చెయ్యి పెట్టి ఉన్నాడు.

“ఈ మూల కిందకుంది. పల్చటి రేకు ముక్క కావాలి. గోరంత మందం. అది కాదయ్యా, అది రెండు గోళ్ళుంది,” అంటున్నాడు. యజమాని తనే వంగి రేకు అందించాడు. “ఇప్పుడు తిప్పండి.” మిషను తిరిగింది. అన్నయ్య అరచెయ్యి దాని బల్ల మీద ఆనించి, తల వంచి వింటూ నిలబడ్డాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ గోళ్ళు దిగుతున్నాయి. అన్నయ్య చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, గుడ్డ పీలికతో గట్టిగా కట్టేసుకుని ఉన్నాడు. అది ఆవిడకు కనిపించిందో లేదో నాకు తెలియదు. ఏమండీ అని పిలవడానికి నోరు తెరిచి, పిలవకుండా ఆగింది. నేనూ ఆగాను.

మిషను ఆపించాక, మా రొప్పు విని ఆయన మా వైపు తిరిగాడు.

“ఇద్దరూ వచ్చారా?”

వదిన గుమ్మం మీద అడుగు వేసింది, చెప్పుల చప్పుడు లేదు.

“చెప్పులు కూడా లేకుండా వచ్చారు కదూ?” అన్నాడు. “గుమ్మంలోనే ఆగండి. కిందంతా ఇనుప తురుముంది, కాళ్ళలో దిగుతుంది. కదలకండి, నేనొచ్చి తీసుకెళ్తాను.”

మేం కదల్లేదు. ఆయన బూటు కాలితో తురుమును పక్కకు తోసుకుంటూ, మా కోసం దారి చేస్తూ వచ్చాడు.